పైన అడ్డం, లోపల నిలువు

కొండమీది వాతావరణ కేంద్రం,
సోమవారం, జీపు వచ్చేలోపు.

మహారాజశ్రీ కత్తెర మహారాణి అక్కగారి దివ్యసముఖానికి,

తమరి ఏకైక తమ్ముడు తుఫాను సాష్టాంగపడి చేసుకుంటున్న విన్నపం. సాష్టాంగం మాట వరసకి అన్నది కాదు. పొద్దున వానమాపకం దగ్గర బురదలో కాలు జారి, ఎనిమిది అంగాలూ నేలకి ఆనేలా పడ్డాను. చూసిన వాళ్ళు లేరు. ఇక్కడ నేను తప్ప మనిషి లేడు కాబట్టి నా పరువుకి ఢోకా లేదు.

నేను చేసే రాచకార్యం ఏమిటని అడిగావు. మూడు గంటలకోసారి గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో, ఎంత వాన పడిందో చూసి, ఆ అంకెల్ని వైర్‌లెస్‌లో కింద ఆఫీసుకి చదవాలి. అక్కడ రాసుకునే పెద్దాయనకి నవ్వు అంటే ఒళ్ళుమంట. మొన్న మబ్బుల వివరం దగ్గర "గొర్రెలు ఆరు, మేకలు రెండు" అని గంభీరంగా చదివాను. ఆయన అంతే గంభీరంగా రాసేసుకున్నాడు. పైవాళ్ళు ఆయన్ని పిలిపించి అడిగారట. అప్పట్నుంచి నేను "వాన పడుతోందండీ" అన్నా, "ఒట్టు?" అంటున్నాడు.

ఫోను తీగ గాలికి తెగి రెండు నెలలైంది. వైర్‌లెస్‌లో సొంత మాటలు మాట్లాడకూడదని గోడ మీద ఎర్ర అక్షరాల్లో ఉంది. కనక సోమవారం, గురువారం వచ్చే జీపే నాకు లోకం. దాంట్లో వేసిన ఉత్తరం నీకు రెండు రోజులకి చేరుతుంది.

ఇక అసలు సంగతి. నీకు ఏడో నెలట! లెక్కల బావ రాస్తే తెలిసింది. ఏడు నెలలు నా దగ్గర ఎలా దాచావు? చాలా సంతోషం. నిజంగా సంతోషం. మళ్ళీ చెబుతున్నాను, సంతోషం. ఒక్క చిన్న ప్రశ్న. ఏ డాక్టరుకి చూపించుకుంటున్నావు? పాత ఆపరేషన్ గురించి ఆవిడ ఏమైనా అడిగిందా? ఏం లేదు, ఊరికే అడుగుతున్నాను.

నా మేనకోడలు చిట్టెలుకకి ముద్దులు. నాలుగేళ్ళకే నా కంటే తెలివిగా మాట్లాడుతోందని బావ రాశాడు. అంత పొగడ్తకి నేను తగను.

విధేయుడు,
తుఫాను

*

కుట్టుగది,
శనివారం మధ్యాహ్నం.

ఒరేయ్ తుఫానూ,

జవాబు రాయడానికి నెల పట్టింది. బడులు తెరిచే రోజులురా. నూట డెబ్బై యూనిఫాంలు, మూడు మిషన్లు, పని నేర్చుకునే ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళలో ఒకత్తి నిన్న జేబుని తిరగేసి కుట్టింది. మిషన్ తొక్కుదామంటే పొట్ట బల్లకి అడ్డం. పక్కకి తిరిగి కూర్చుని కుడుతున్నాను, గుర్రం మీద రాణిలా.

కాళ్ళు ఉబ్బి నా చెప్పులు పట్టడం లేదు. బావ చెప్పులేసుకుని తిరుగుతున్నాను. బీపీ నూటయాభై. డాక్టరమ్మ మంచిదే కానీ నవ్వదు, మీ వైర్‌లెస్ పెద్దాయనకి చెల్లెలు అయ్యుండాలి. బీపీ ఇలాగే ఉంటే నెలలు పూర్తిగా నిండేదాకా ఆగకూడదట. ముప్ఫై ఎనిమిదో వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేయొచ్చంది. పాత కోత ఉన్నవాళ్ళకి బిళ్ళలు వాడరట. లోపల చిన్న రబ్బరు బుడగ పెట్టి నీళ్ళతో ఉబ్బిస్తే దారి మెల్లగా తెరుచుకుంటుందట. తర్వాత సెలైన్‌లో చుక్కచుక్కగా మందు. అయితే పాత కాగితాలు చూడకుండా మాట ఇవ్వనంది. ఆ ఆస్పత్రి మూతపడిందిరా, ఇప్పుడక్కడ సోఫాలు అమ్ముతున్నారు. ఫైలు నీ దగ్గరే కదా ఉంది? అప్పుడు బావ పరీక్షల డ్యూటీ మీద ఎక్కడో ఉన్నాడు, నా పక్కన ఉన్నది నువ్వేగా. వెంటనే పంపు.

నాకు మళ్ళీ ఆపరేషన్ వద్దురా. ఈ మాట బావకి కూడా ఇంత గట్టిగా చెప్పలేదు. అప్పుడు ఒకటిన్నర రోజు నొప్పుల మందు ఎక్కించి, ఆ తర్వాత కోశారు. రెండూ అనుభవించాను. కుట్లు విచ్చుకున్నాయి, చీము పట్టింది, ఇరవై ఒక్క రోజులు జ్వరం. నా పిల్ల ఏడిస్తే పక్క మంచం ఆవిడ ఎత్తుకునేది. పిల్ల ఆవిడ భుజం మీద ఊరుకునేది, నా దగ్గరికి తెస్తే ఏడ్చేది. పడుకుని చూస్తుండేదాన్ని.

నువ్వు ఆ రోజు చెప్పావు చూడు, "రెండోది తుమ్మినంత తేలిగ్గా వచ్చేస్తుందని డాక్టరు అన్నారు" అని! ఆ మాట లేకపోతే నేను రెండోదానికి ఒప్పుకునేదాన్నే కాదు. డాక్టరమ్మకి కూడా అదే చెప్పాను, ముందున్న డాక్టరు రెండోది మామూలుగా అవుతుందన్నారని.

ఫైలు మర్చిపోకు.

అక్క

*

వాతావరణ కేంద్రం,
గురువారం. గాలి ఎక్కువగా ఉంది, నా మనసు అంతకంటే ఎక్కువగా ఉంది.

గౌరవనీయ అక్కగారి న్యాయస్థానంలో ముద్దాయి తుఫాను దాఖలు చేసుకున్న నేరాంగీకార పత్రం.

ఒకటో అంశం: సదరు డాక్టరు తుమ్ము గురించి ఎన్నడూ ప్రస్తావించి ఉండలేదు. ఆవిడ తుమ్మగా కూడా ముద్దాయి చూసి ఉండలేదు. తుమ్ము యావత్తూ ముద్దాయి సొంత తయారీ.

రెండో అంశం: ఆవిడ వాస్తవంగా అన్నది, "నొప్పుల మధ్యలో పాప అడ్డం తిరిగింది, నెలలు నిండలేదు, అందుకని లోపల గర్భసంచిని నిలువుగా కోయాల్సి వచ్చింది. మళ్ళీ కడుపొస్తే నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ చేయించాలి" అని. ముద్దాయి తలూపి ఉన్నాడు. ముద్దాయి తల ఊపుటలో దిట్ట.

మూడో అంశం: ఫైలు. అది ముద్దాయి పెట్టె అడుగున ఉన్నది. పెట్టె మీద పాత వానమాపకం ఉన్నది. వానమాపకం మీద బట్టలున్నవి. బట్టల మీద తరచుగా ముద్దాయి ఉంటున్నాడు. వెతుకులాట కొనసాగుతున్నది.

శిక్ష విషయంలో ముద్దాయి మనవి: జీవితాంతం తమరి కుట్టుగదిలో గుండీలు కుట్టుటకు, తిరగేసి కుట్టిన జేబులు విప్పుటకు, బావగారు పాఠం చెప్పేటప్పుడు ముందు వరసలో కూర్చుని ఆవలించకుండుటకు సిద్ధం. చివరిది కఠిన శిక్ష అని కోర్టువారు గమనించవలెను.

అక్కా, ఆ డాక్టరమ్మకి ఈ రెండో అంశం చెప్పు. చెబుతావు కదూ.

ముద్దాయి

*

కుట్టుగది,
మంగళవారం.

ఒరేయ్ ముద్దాయీ,

నీ నేరాంగీకార పత్రం ఆడపిల్లలకి చదివి వినిపించాను. జేబు తిరగేసినదానికి నవ్వలేక ఎక్కిళ్ళొచ్చాయి. చిట్టెలుక అయితే రోజంతా "ముద్దాయి తల ఊపుటలో దిట్ట" అంటూ తిరుగుతోంది. బావ మాత్రం ఆవలింత దగ్గర మొహం ముడుచుకున్నాడు.

కానీ ఒరేయ్, లోపల నిలువు కోత ఏమిట్రా? నా పొట్ట నాకు తెలియదా? రోజూ స్నానానికి చూసుకుంటున్నాను, కోత అడ్డంగానే ఉంది. ఆ కుట్టు కూడా ఎంత చండాలంగా ఉందంటే, నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు కుడితే చెంప వాయించేదాన్ని. టైలరుకి అడ్డం, నిలువు నేర్పడానికి బయల్దేరాడు మహానుభావుడు! ఫైలు పోగొట్టుకున్నావు, అది ఒప్పుకోలేక ఈ నాటకం. నాకు తెలీదా నీ సంగతి?

డాక్టరమ్మకి అంత ఇష్టం లేదు. "నెలలు నిండని పాప కదా, లోపల ఎలా కోశారో తెలియాలి" అని రెండుసార్లు అడిగింది. నేనే గట్టిగా చెప్పాను, పక్కనున్న మా తమ్ముడితో డాక్టరే స్వయంగా చెప్పింది, రెండోది మామూలుగా అవుతుందని. ఆ మాట మీద ఒప్పుకుంది. బీపీ నూట అరవైకి ఎక్కింది. వచ్చే సోమవారం పొద్దున్నే చేరమంది. బుడగ పెడతారు.

భయంగానే ఉంది. భయమేసినప్పుడల్లా నీ ఉత్తరం తీసి చదువుకుంటున్నాను.

అక్క

*

వాతావరణ కేంద్రం,
గురువారం. కింద జీపు ఇంజను ఆపలేదు.

అక్కా,

సోమవారం బుడగ పెట్టించుకోవద్దు. మందు ఎక్కించనివ్వద్దు. నొప్పులు రాకూడదు.

నేను కిందటిసారి రాసింది నిజం. నవ్విస్తూ రాశాను. నాకు ఇంకోలా రాయడం రాదు. అది నా తప్పు.

నీ పొట్ట మీద చర్మం అడ్డంగా కోశారు. చర్మం లోపల గర్భసంచి వేరే. దాన్ని నిలువుగా కోశారు, పైభాగం దాకా. నువ్వు లైనింగ్ వేసి జాకెట్ కుడతావు కదా. పైగుడ్డ కుట్టు ఒక దిక్కు, లోపలి లైనింగ్ కుట్టు ఇంకో దిక్కు ఉండొచ్చు కదా. బయట నుంచి చూస్తే లోపలిది తెలియదు. నిలువు కుట్టు మీద నొప్పుల బలం పడితే సంచి పగిలిపోవచ్చని డాక్టరు చెప్పింది. పగిలితే ఇద్దరూ దక్కకపోవచ్చంది. ఆ మాట నాకు నాలుగేళ్ళుగా గుర్తుంది. నీకు చెప్పలేదు. బావకి కూడా తుమ్ము కథే చెప్పాను.

ఫైలు పోలేదు. ఎప్పుడూ పోలేదు. అందులోంచి కాగితం దీంతో పెడుతున్నాను. నాలుగో వరస డాక్టరమ్మకి చూపించు. ఆవిడకి వెంటనే అర్థమవుతుంది.

నీ ఉత్తరం చదవగానే వైర్‌లెస్‌లో కింద పెద్దాయనకి చెప్పాను. "మా అక్కకి ప్రాణం మీదికొచ్చింది, ఇంటికి కబురు చేయండి" అన్నాను. "మళ్ళీ మొదలెట్టావా? గొర్రెలు అయిపోయాయి, ఇప్పుడు అక్కా?" అని కట్టేశాడు. రెండుసార్లు పిలిచాను, పలకలేదు.

జీపులో నాకూ చోటుంది. కానీ సముద్రం మీద వాయుగుండం కదిలింది. రేపు, ఎల్లుండి ఈ కొండ మీది అంకెలు చూసే కింద పడవల్ని ఆపుతారు. ఆదివారం నా బదులు మనిషి వస్తాడు, అప్పుడు దిగుతాను. ఈ కాగితం చేసే పని నేనొచ్చినా చేయలేను. జీపాయన ఆఫీసు దాకానే వెళ్ళాలి. ఆయన కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. సెలవు పెట్టి బస్సెక్కి నీ చేతికే ఇస్తానన్నాడు. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పాను.

ఇందులో ఒక్క మాట కూడా వేళాకోళం కాదు.

తమ్ముడు

*

ఆస్పత్రి, కిటికీ పక్క మంచం,
పదకొండో రోజు.

తమ్ముడూ,

నువ్వు ఆదివారం దిగుతానన్నావు. వాన దారిని తినేసిందనీ, జీపు పైకి రావడం లేదనీ ఆఫీసు నుంచి బావకి ఫోనొచ్చింది. మేం బతికే ఉన్నామని ఆ పెద్దాయనే నీకు వైర్‌లెస్‌లో చెప్పాడట కదా. ఎర్ర అక్షరాల నియమం ఆయనే తప్పాడన్నమాట. "మీ బావమరిది ఏడ్చాడండీ, ఆ ఏడుపు అంకెల్లో రాయలేకపోయాను" అన్నాడట బావతో.

శుక్రవారం మధ్యాహ్నం జీపాయన తడిసిపోయి గుమ్మంలో నిలబడ్డాడు. బావ చెయ్యి చాపితే ఇవ్వలేదు. నేను లేచి వచ్చేదాకా చొక్కాలోంచి తీయలేదు. ఉత్తరం విప్పాను. మొదటి వరస, రెండో వరస, మూడో వరస, ఎక్కడా నవ్వు లేదు. నీ ఉత్తరంలో నవ్వు లేకపోయేసరికి ముందుకు చదవలేకపోయానురా. బావని చదవమన్నాను. ఆయన సగం చదివి ఆటోకోసం పరిగెత్తాడు.

డాక్టరమ్మ ఆ కాగితం చదివి కూర్చుంది. నన్ను తిట్టలేదు. "ఈ రోజే చేర్చుకుంటాను, రేపు పొద్దున్నే ఆపరేషన్" అంది. తర్వాత నిలువు కోత ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించింది. నేను బొమ్మ చూస్తూ అడిగాను, "నెలనెలా సాగే గుడ్డకి సాగే చోటే కుట్టు వేస్తే ఎలా నిలుస్తుందండీ?" అని. "అదేనమ్మా నా భయం" అంది.

లోపల ఏం కనిపించిందో నాకు మర్నాడు చెప్పింది. పాత కుట్టు విడిపోయి ఉందట. దాని మీద పల్చటి పొర ఒక్కటే మిగిలిందట, తడిపిన మల్లు గుడ్డలా. ఆ పొరలోంచి వాడి జుట్టు కనిపించిందట. ఇంకా కోయకముందే. పాతికేళ్ళ సర్వీసులో రెండోసారి చూస్తున్నానంది. బుడగ పెట్టి, మందు ఎక్కించి ఉంటే ఆ పొర ఒక పూట ఆగేది కాదంది.

మగపిల్లాడు. రెండున్నర కిలోలు. గొంతు నీది, ఆకలి బావది.

నా సంగతి. మూత్రసంచి పాత కుట్టుకి అతుక్కుపోయిందట, విడదీసేటప్పుడు చిరిగింది. కుట్టారు. అందుకని ట్యూబు ఇంకా ఉంది, పక్కన సంచి వేలాడుతోంది. రక్తం చాలా పోయింది, ఆరు సంచులు ఎక్కించారు. పొట్ట మీద కుట్టు మాత్రం ఈసారి చక్కగా ఉంది. ఎవరు కుట్టారో అడిగి మెచ్చుకున్నాను.

ఇప్పుడు విను. నేను నీ మీద కోపంగా ఉన్నాను. చదివి నవ్వేశావు కదా అని నన్ను అనకు. నా పొట్టలో ఏముందో అప్పటి డాక్టరుకి తెలుసు, నీకు తెలుసు, నాకు మాత్రం తెలియదు. నాలుగేళ్ళు. దానిమీద ఇంకో బిడ్డని మోశాను. నన్ను నవ్వించావు కానీ, నా బతుకు నా చేతిలో పెట్టలేదు.

ఒక్కటి అడుగుతున్నాను. నా గురించి నీకు తెలిసి నాకు తెలియనిది ఇంకేమైనా ఉందా? ఉంటే రాయి. లేకపోతే లేదని రాయి. ఇంకేం రాయకు.

అక్క

*

వాతావరణ కేంద్రం,
గురువారం. జీపు, నా బదులు మనిషి ఇంకా రాలేదు. నీ ఉత్తరం ఒకతను నడిచి తెచ్చాడు.

అక్కా,

ఉంది.

ఫైల్లో రెండు కాగితాలున్నాయి. నీకు ఒక్కటే పంపాను. రెండోది ఇదిగో.

ఆ రోజు నిన్ను లోపలికి తీసుకెళ్ళిన గంటకి నర్సు బయటికొచ్చింది. "రక్తం ఆగడం లేదు. ఆగకపోతే గర్భసంచి తీసేయాలి. భర్త ఎక్కడ?" అంది. బావ బస్సులో ఉన్నాడు. "నువ్వేమవుతావు?" అంది. తమ్ముణ్ణన్నాను. "సంతకం పెట్టు, ఆలోచించే టైం లేదు" అంది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నీకు ఎంతమంది పిల్లలు కావాలో నేనెప్పుడూ అడగలేదు, నువ్వెప్పుడూ చెప్పలేదు. చదవకుండా పెట్టాను. కింద నా పేరు, పక్కన "తమ్ముడు" అని రాశాను. తొందరలో ఆ మాట రెండు వరసల్లోకి పాకింది, చూడు.

చివరికి రక్తం ఆగింది, తీయలేదు. కానీ నేను పెట్టేశాను కదా. నీకు స్పృహ వచ్చి "డాక్టరేమందిరా?" అని అడిగినప్పుడు నా కళ్ళముందున్నది ఆ కాగితమే. నిజం మొదలుపెడితే అక్కడిదాకా వెళ్ళాలి. అందుకని తుమ్మాను. నిన్ను నవ్వించడానికని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా సంతకం నీకు కనబడకుండా ఉండటానికి.

రెండో కాగితం ఇన్నాళ్ళూ దాచుకుంది కూడా అందుకే.

ఇంక లేదు. వెతికాను, లేదు.

తమ్ముడు

*

ఆస్పత్రి,
పద్దెనిమిదో రోజు.

ఒరేయ్,

నీ కాగితం చేరింది. నీ చేతిరాత అప్పుడు కూడా కోడిగెలుకుడే.

నేనూ ఒకటి దాచాను. నువ్వు చెబుతావో లేదో చూశాక రాద్దామని ఆగాను. శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ నాకు అలాంటి కాగితమే తెచ్చింది. బిడ్డ మాయ పాత కోతలోకి పాతుకుపోయి ఉండొచ్చు, అలా ఉంటే గర్భసంచి తీయక తప్పదు అంది. నేను ప్రతి వరసా చదివాను. అర్థం కాని మాట దగ్గరల్లా ఆపి అడిగాను. ఆవిడ నాలుగుసార్లు చెప్పింది, విసుక్కోలేదు. బావ పక్కనే ఉన్నాడు, పెన్ను నా చేతికే ఇచ్చాడు. పెట్టాను.

తీసేశారురా.

ఏడవలేదని చెప్పను. రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను. చిట్టెలుక వచ్చి, "అమ్మా, తమ్ముడు ఆవలించాడు, రా చూద్దువు" అని లాగితే ఇటు తిరిగాను.

అప్పుడు నన్ను అడిగే వీలుండి ఉంటే నేనూ పెట్టేదాన్నే. కానీ అది నేను పెట్టాల్సింది. ఆ తేడా నీకు ఈసారి తెలిసిందనుకుంటున్నాను.

దారి బాగుచేశారట. గురువారం జీపులో దిగు. నాకు ట్యూబు తీస్తారు, ఈ వరండా చివరిదాకా నడవమంటారు. బావకి బడి ఉంది. నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపించే మనిషి కావాలి. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి.

అక్క